దూరిందంటే సరిపోయినట్టు కాదు: తొలి డెస్క్‌టాప్‌లో వైర్లు, ఫ్యాన్లు

మీరు అడిగినవి క్లుప్తంగా ఇవీ. ప్రాసెసర్, ర్యామ్, కూలర్ మదర్‌బోర్డ్‌కి బిగించేశారు. ఎస్‌ఎంపీఎస్ (అన్ని భాగాలకూ కరెంటు పంచే డబ్బా) పెట్టెలో వచ్చిన కేబుళ్లు ఒక గుట్ట, క్యాబినెట్ ముందు భాగం నుంచి వేలాడే సన్న వైర్లు ఇంకో గుట్ట. 8 పిన్నుల ప్లగ్గులు రెండు రకాలు కనిపిస్తున్నాయి, ఏది ప్రాసెసర్‌కో ఏది గ్రాఫిక్స్ కార్డుకో తెలియడం లేదు. క్యాబినెట్‌లో పెట్టాల్సిన ఫ్యాన్లు మూడు, బోర్డు మీద వాటికి చోట్లు రెండే. ఫ్యాన్లు ఎటు తిప్పి బిగించాలో అర్థం కావడం లేదు. వీటన్నిటి మీదా ఒక టెన్షన్: ఒక్క వైరు తప్పు పెడితే మొత్తం కాలిపోతుందా?

ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దాం. డెస్క్‌టాప్‌లో చాలా ప్లగ్గులు తప్పు చోట దూరవు. వాటి ఆకారమే అడ్డుపడుతుంది. ఒక మూల గుండ్రంగా, ఇంకో మూల చదరంగా చేసి, ఒక పిన్ను తీసేసి, ఒక పక్క గాడి పెట్టి, తయారుచేసేవాళ్లే మన తరఫున జాగ్రత్త పడ్డారు. అందుకని ప్రతి వైరు దగ్గరా చేతులు వణకనక్కర్లేదు. కానీ ఆకారం కాపాడని చోట్లు మూడున్నాయి: కేబుల్‌కి ఎస్‌ఎంపీఎస్ వైపు కొస, రంగు లైట్ల ప్లగ్గు, పవర్ బటన్ నుంచి వచ్చే సన్న వైర్లు. మొదటి రెండు చోట్ల పొరపాటు జరిగితే వస్తువు పోతుంది. మూడో చోట జరిగితే మీ ఓపిక పోతుంది, అంతకన్నా ఏమీ కాదు. భయమంతా మొదటి రెండింటి కోసం దాచుకోండి.

మొదటి దాని గురించి నేను దెబ్బతినే నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట నా మిషన్‌లో ఎస్‌ఎంపీఎస్ పాడైతే కొత్తది తెచ్చాను. పాతదాని కేబుళ్లు క్యాబినెట్ వెనక నీటుగా కట్టి ఉన్నాయి. మళ్లీ అవన్నీ ఎవరు విప్పుతారని హార్డ్ డిస్కులకు వెళ్లే పాత కేబుల్‌నే కొత్త ఎస్‌ఎంపీఎస్‌లో గుచ్చాను. హాయిగా దూరింది, టక్కుమని పట్టింది కూడా. స్విచ్ వేశాను. సన్నగా కాలిన వాసన వచ్చింది. రెండు హార్డ్ డిస్కులూ ఒకేసారి పోయాయి. ఫొటోలకు వేరే కాపీ ఉండబట్టి ఇవాళ నవ్వుతూ చెప్పగలుగుతున్నాను.

జరిగింది ఇదీ. కేబుల్‌కి డిస్కు వైపు కొస అందరికీ ఒకటే, దానికి ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్ వైపు కొసకు లేదు. ఏ పిన్నులో 12 వోల్టులు, ఏ పిన్నులో 5 వోల్టులు అన్నది ఏ కంపెనీ ఇష్టం దానిది. ఒకే కంపెనీ రెండు మోడళ్ల మధ్య కూడా తేడా ఉండొచ్చు. ప్లగ్గు ఆకారం మాత్రం చూడ్డానికి ఒకేలా ఉంటుంది. 5 వోల్టులు రావాల్సిన దారిలో 12 వోల్టులు వస్తే డిస్కు తట్టుకోదు. కాబట్టి కేబుళ్లు ఊడదీసుకునే రకం, అంటే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే, దాని పెట్టెలో వచ్చిన కేబుళ్లే దానికి వాడండి. స్నేహితుడి దగ్గర మిగిలిన కేబుల్ వద్దు, పాత మిషన్‌ది అసలే వద్దు. మిగిలిపోయిన కేబుళ్లను ఒక సంచిలో వేసి మీద ఎస్‌ఎంపీఎస్ పేరు రాసి పెట్టుకోండి. కేబుళ్లు ఊడిరాని రకం మీదైతే ఈ పేరా మీకు అక్కర్లేదు.

ఇప్పుడు మీ 8 పిన్నుల గొడవ. ప్లగ్గును చేతిలోకి తీసుకుని మధ్యలో మెల్లగా విడదీయండి. అది 4, 4గా రెండు సమాన ముక్కలైతే ప్రాసెసర్‌ది. 6, 2గా విడిపోతే గ్రాఫిక్స్ కార్డుది. విడిపోకపోతే ప్లగ్గు మీద అక్షరాలు చూడండి. ప్రాసెసర్ దాని మీద సీపీయూ అనో ఈపీఎస్ అనో, గ్రాఫిక్స్ దాని మీద పీసీఐఈ అనో వీజీఏ అనో అచ్చు ఉంటుంది. లోపల రెండిటికీ పోలిక లేదు. ప్రాసెసర్ ప్లగ్గులో క్లిప్పు ఉన్న వరుస 12 వోల్టులది, రెండో వరుస గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి. గ్రాఫిక్స్ ప్లగ్గులో ఇది తారుమారు. అందుకే వాటి మూలల ఆకారాలు వేరుగా చేశారు. మామూలు బలంతో ఒకదాని చోట రెండోది దూరదు. కండబలం వాడితే ఏదైనా దూరుతుంది, మనిషి ఎక్కడైనా దూర్చగలడు. అందుకని ఇక్కడ ఒక లెక్క పెట్టుకోండి: ప్లగ్గు చివరి రెండు మిల్లీమీటర్లలో గట్టిగా నొక్కాల్సి రావడం సహజం. మొదట్లోనే మొరాయిస్తే మాత్రం ఆగి, తిప్పి చూడండి.

బోర్డు మీద ప్రాసెసర్ కరెంటుకు 8 పిన్నుల సాకెట్ పక్కనే ఇంకో 4 పిన్నులదో, మరో 8 పిన్నులదో ఉండి, మీ దగ్గర దానికి కేబుల్ లేకపోతే కంగారు పడకండి. మామూలు ప్రాసెసర్లకు మొదటి 8 చాలు. రెండోది ఎక్కువ కరెంటు లాగే ప్రాసెసర్లకూ, ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లకూ, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం దాటించి నడిపేవాళ్లకూ.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర చిన్న లెక్క తెలిస్తే మంచిది. కార్డు కూర్చునే స్లాట్ నుంచి 75 వాట్లు, 6 పిన్నుల ప్లగ్గు నుంచి ఇంకో 75, 8 పిన్నుల ప్లగ్గు ఒక్కొక్కదాని నుంచి 150 వాట్లు తీసుకునేలా కార్డులు తయారవుతాయి. కార్డు మీద 8 పిన్నుల సాకెట్లు రెండుంటే, ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు లాగండి. ఒకే కేబుల్ చివర రెండు ప్లగ్గులు వేలాడుతుంటాయి, అవి పెట్టినా చాలా కార్డులు నడుస్తాయి. కానీ మొత్తం కరెంటు ఒకే కేబుల్ మోయాలి. మీ దగ్గర కేబుళ్లు ఉన్నప్పుడు ఆ పొదుపు దేనికి? కొత్త కార్డుల్లో వచ్చే 16 పిన్నుల చిన్న ప్లగ్గు సంగతి వేరు. అది 600 వాట్ల దాకా మోయడానికి చేసింది. సగం దూరి ఆగిపోతే పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరిగిన సందర్భాలున్నాయి. దాన్ని పూర్తిగా లోపలికి నొక్కి, టార్చ్ వేసి పక్క నుంచి చూడండి, ప్లగ్గుకూ సాకెట్‌కూ మధ్య సందు కనిపించకూడదు. ప్లగ్గు దగ్గర్నుంచి మూడు నాలుగు సెంటీమీటర్లు వైరు తిన్నగా వచ్చాకే వంపు తిప్పండి.

24 పిన్నుల పెద్ద కేబుల్‌తో మీకు సందేహం రాదు, అంత వెడల్పు సాకెట్ బోర్డు మీద ఇంకోటి లేదు. అది 20, 4 ముక్కలుగా వస్తే రెండిటినీ కలిపి పట్టుకుని ఒకేసారి నొక్కాలి. బోర్డు వంగుతున్నట్టు అనిపిస్తుంది, తొలిసారి గుండె గుభేలుమంటుంది. ఇంకో చేత్తో బోర్డు అంచును కింద నుంచి ఆపి, క్లిప్పు పట్టేదాకా నొక్కండి. సాటా డిస్కులకు, అంటే కేబుల్‌తో తగిలించే రకానికి, రెండు కేబుళ్లు కావాలి, కరెంటుది వెడల్పు, డేటాది సన్నం. బోర్డు మీదే నేరుగా కూర్చునే సన్న పలక లాంటి ఎం.2 డ్రైవ్ అయితే ఏ కేబులూ లేదు. ఎం.2 పెట్టాక సాటా డిస్కు కనిపించకుండా పోతే డిస్కు పోయిందనుకోకండి. కొన్ని బోర్డుల్లో ఒక ఎం.2 స్లాట్ నిండితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి, మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

ఏది ముందు, ఏది తర్వాత అన్నది కూడా తెలియాలి. ప్రాసెసర్ 8 పిన్నుల కేబుల్‌ని బోర్డు స్క్రూలు బిగించకముందే క్యాబినెట్ పైమూల రంధ్రంలోంచి లాగి పెట్టుకోండి. బోర్డు బిగిశాక, కూలర్ కూర్చున్నాక ఆ మూలలో చెయ్యి పట్టదు. తొలిసారి కడుతున్నవాళ్లలో సగం మంది తిట్టుకునేది అక్కడే. గ్రాఫిక్స్ కార్డు అన్నిటికన్నా చివర. అది కూర్చుంటే కింది అంచునున్న చిన్న పిన్నులన్నీ దాని చాటుకు పోతాయి.

ఆ చిన్న పిన్నులే మీరు అడిగిన సన్న వైర్ల ఇల్లు. బోర్డు కింది కుడి మూల చూడండి. ఎఫ్ ప్యానెల్ అనో, జేఎఫ్‌పీ1 అనో, ప్యానెల్1 అనో పేరు ఉంటుంది. చాలా బోర్డుల్లో అక్కడ రెండు వరుసల్లో 9 పిన్నులుంటాయి, ఒక మూల పిన్ను ఉండదు. ఆ ఖాళీ మూల పై వరుసలో కుడి చివర వచ్చేలా ఊహించుకోండి. అప్పుడు పై వరుసలో ఎడమ నుంచి మొదటి రెండు పవర్ లైటుకు, ముందు ప్లస్, తర్వాత మైనస్. తర్వాతి రెండు పవర్ బటన్‌కు. కింది వరుసలో ఎడమ నుంచి మొదటి రెండు హార్డ్ డిస్కు లైటుకు, అక్కడా ముందు ప్లస్సే. తర్వాతి రెండు రీసెట్ బటన్‌కు. ఆఖరి పిన్ను దేనికీ కాదు, వదిలేయండి. కొన్ని బోర్డులు స్పీకర్ పిన్నుల్ని కూడా ఇక్కడే కలిపి పెద్ద గుంపు చేస్తాయి, అప్పుడు మాన్యువల్‌లో బొమ్మే దిక్కు.

బటన్లకు ప్లస్ మైనస్ లేదు. నొక్కినప్పుడు రెండు పిన్నులు కలవడమే వాటి పని, ఎటు పెట్టినా ఒకటే. లైట్లకు ఉంది. ప్లగ్గు మీద చిన్న త్రికోణం గుర్తు ఉన్న వైపు సాధారణంగా ప్లస్. గుర్తు లేకపోతే రంగు వైరు ప్లస్, తెలుపో నలుపో మైనస్ అనుకుని పెట్టండి. తిరగబడితే లైటు వెలగదు, అంతకుమించి నష్టమేమీ లేదు, తీసి తిప్పి పెడితే సరి. బోర్డు మీద పెడుతూ వేళ్లు నొప్పెట్టించుకోకండి. నాలుగు చిన్న ప్లగ్గుల్నీ ముందు చేతిలోనే సరైన వరుసలో పేర్చి, సన్న టేపు చుట్టి, ఒకే ముద్దగా కిందికి నొక్కండి. పవర్ లైటు ప్లగ్గు మాత్రం మూడు రంధ్రాల వెడల్పుతో వచ్చి, బోర్డు మీద రెండు పిన్నులే ఉంటే ఈ పద్ధతి కుదరదు. ప్లగ్గులో చిన్న ప్లాస్టిక్ నాలుకను సూదితో పైకెత్తి, వైరును పక్క గదిలోకి మార్చుకోవాలి. అంత ఓపిక లేకపోతే ఆ లైటును వదిలేయండి, కంప్యూటర్‌కు దాని అవసరం లేదు.

పక్కనే యూఎస్‌బీ, ఆడియో హెడర్లుంటాయి (హెడర్ అంటే బోర్డు మీద ప్లగ్గు దిగే పిన్నుల గుంపు). యూఎస్‌బీ 2.0దీ, ఆడియోదీ తొలిచూపులో కవలలు. రెండిట్లోనూ 10 చోట్లకు 9 పిన్నులే. లేని పిన్ను ఎక్కడుందో చూడండి. యూఎస్‌బీలో మూల పిన్ను లేదు, ఆడియోలో వరుస చివరి నుంచి రెండోది లేదు. క్యాబినెట్ పాతదైతే ఆడియో వైరుకు రెండు తలలుంటాయి, ఒకదాని మీద హెచ్‌డీ ఆడియో అని, రెండోదాని మీద ఏసీ97 అని. హెచ్‌డీ ఆడియో పెట్టండి. రెండో పద్ధతి 1997 నాటిది, 2004లో హెచ్‌డీ ఆడియో వచ్చాక దాని కాలం తీరిపోయింది. యూఎస్‌బీ 3 ప్లగ్గు వెడల్పుగా, ఎక్కువగా నీలం రంగులో, సులువుగా వంగని వైరుతో ఉంటుంది. అందులో 19 సన్న పిన్నులు. ఒక పక్క గాడి చూసి తిన్నగా దించండి, ఊపుతూ దించితే పిన్నులు వంగుతాయి. తీసేటప్పుడు వైరు పట్టుకుని లాగితే సాకెట్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గోడ కూడా ఊడి చేతికొస్తుంది. ఒక స్నేహితుడి బోర్డు మీద నేనే లాగాను, అది వేరే కథ.

ఇక ఫ్యాన్లు.

ఫ్యాన్ ప్లగ్గులో మూడు పిన్నులో నాలుగు పిన్నులో ఉంటాయి. మూడింటిలో ఒకటి గ్రౌండ్, ఒకటి 12 వోల్టులు, ఒకటి ఫ్యాన్ ఎంత వేగంతో తిరుగుతోందో బోర్డుకు చెప్పేది. ఫ్యాన్ ఒక చుట్టు తిరిగితే ఆ వైరులో రెండుసార్లు సంకేతం వెళ్తుంది, బోర్డు వాటిని లెక్కపెట్టి నిమిషానికి ఇన్ని చుట్లు అని చూపిస్తుంది. నాలుగో పిన్ను, పీడబ్ల్యూఎం అనేది, బోర్డు నుంచి ఫ్యాన్‌కు వెళ్లే ఆజ్ఞ. నాలుగు పిన్నుల ఫ్యాన్‌కు 12 వోల్టులు ఎప్పుడూ నిండుగా అందుతాయి, ఎంత వేగంగా తిరగాలన్నది ఈ నాలుగో వైరు చెప్తుంది. మూడు పిన్నుల ఫ్యాన్‌కు అలా చెప్పే దారి లేదు కాబట్టి బోర్డు వోల్టేజీ తగ్గించి దాన్ని నెమ్మది చేస్తుంది. బోర్డు మీద నాలుగు పిన్నుల చోట మూడు పిన్నుల ఫ్యాన్ పెట్టొచ్చు, పక్కనున్న ప్లాస్టిక్ నాలుక చూసుకుంటే తప్పు పడదు. కాకపోతే తర్వాత బయోస్‌లోకి, అంటే బోర్డు సొంత సెట్టింగుల తెరలోకి వెళ్లి, ఆ హెడర్ పీడబ్ల్యూఎం అని ఉంటే డీసీ (వోల్టేజీ తగ్గించే పద్ధతి) అని మార్చాలి. మార్చకపోతే ఆ ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంతో రొద పెడుతూ ఉంటుంది. "కొత్త కంప్యూటర్ విమానంలా మోగుతోంది" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇదే.

ప్రాసెసర్ కూలర్ ఫ్యాన్ సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న హెడర్‌కే వెళ్లాలి. చెయ్యి అందలేదని పక్క హెడర్‌లో పెడితే ఫ్యాన్ తిరుగుతుంది గానీ, ఆన్ చేయగానే చాలా బోర్డులు ప్రాసెసర్ ఫ్యాన్ లేదని ఎర్రర్ చూపించి ఆగిపోతాయి. నీళ్ల కూలర్ అయితే పంపును ఏఐఓ పంప్ అన్న హెడర్‌కు, రేడియేటర్ ఫ్యాన్లను సీపీయూ ఫ్యాన్‌కు ఇవ్వండి. మీ కూలర్ మాన్యువల్ ఇంకోలా చెప్తే దాని మాట వినండి.

మూడు ఫ్యాన్లకు రెండు హెడర్లే ఉన్నాయన్నారు. స్ప్లిటర్ అని వై ఆకారంలో చిన్న వైరు దొరుకుతుంది, ఒక హెడర్‌కు రెండు ఫ్యాన్లు తగిలించొచ్చు. బోర్డు మీద ఫ్యాన్ హెడర్ సాధారణంగా 1 ఆంపియర్ దాకా ఇస్తుంది, అంటే 12 వాట్లు. మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ 0.1 నుంచి 0.3 ఆంపియర్ల మధ్య తాగుతుంది. మీ ఫ్యాన్ మధ్యలో అంటించిన కాగితం మీద ఆ అంకె ఉంటుంది, రెండూ కూడి చూసుకోండి. ఒకే హెడర్ మీది రెండు ఫ్యాన్లు ఒకే ఆజ్ఞ వింటాయి కాబట్టి ఒకే మోడల్‌వి, ముందు వైపువి రెండూ కలపండి, వెనక ఫ్యాన్‌కు రెండో హెడర్ విడిగా ఇవ్వండి. స్ప్లిటర్‌లో ఒక కొసకు ఒక పిన్ను తక్కువ కనిపిస్తే అది విరిగింది కాదు. ఇద్దరు ఒకేసారి వేగం చెప్తే బోర్డు లెక్క తప్పుతుందని కావాలనే ఒకరి నోరు మూశారు. ఫ్యాన్లు అయిదారు అయితే స్ప్లిటర్ మీద స్ప్లిటర్ వేయకుండా ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా కరెంటు తీసుకునే హబ్ వాడటం మేలు. హబ్‌కు సాటా కరెంటు ప్లగ్గు పెట్టడం మరిచిపోయి ఫ్యాన్లు పనిచేయడం లేదనుకునేవాళ్లు బోలెడంత మంది.

ఎటు తిప్పి పెట్టాలన్న ప్రశ్నకు ఫ్యాన్‌ను చేతిలో పట్టుకుని చూస్తే జవాబు అక్కడే ఉంది. ఒక వైపు రెక్కలు అడ్డం లేకుండా విచ్చుకుని కనిపిస్తాయి, రెండో వైపు మోటారును పట్టుకున్న అడ్డకమ్మీలు కనిపిస్తాయి. గాలి విచ్చుకున్న వైపు నుంచి లోపలికి వెళ్లి, కమ్మీల వైపు నుంచి బయటికి వస్తుంది. కొన్ని ఫ్యాన్ల అంచు మీద బాణం గుర్తు కూడా వేస్తారు. అందం కోసం రెక్కలు తిరగేసి చేసిన ఫ్యాన్లు ఈమధ్య వస్తున్నాయి, వాటికి ఈ నియమం తలకిందులు, బాణాన్నే నమ్మండి. అనుమానం తీరకపోతే తిరిగే ఫ్యాన్ ముందు సన్న కాగితం ముక్క పట్టుకోండి, అది జాలీకి అతుక్కుంటే గాలి లోపలికి పోతున్నట్టు.

మీ మూడు ఫ్యాన్లలో రెండు ముందు, గాలి లోపలికి లాగేలా, ఒకటి వెనక, బయటికి తోసేలా. ఇంతకన్నా తెలివైన అమరిక కోసం వెతకకండి. ప్రాసెసర్ కూలర్ నిలువు టవర్ రకమైతే దాని ఫ్యాన్ కూడా ముందు నుంచి వెనక్కి ఊదాలి, అప్పుడు వేడి గాలి నేరుగా వెనక ఫ్యాన్ నోట్లో పడుతుంది. లోపలికి వచ్చే గాలి కాస్త ఎక్కువైతే దుమ్ము సందుల్లోంచి కాకుండా ముందున్న జాలీ గుండానే వస్తుంది, ఆ జాలీ కడిగితే చాలు. రేపు నాలుగో ఫ్యాన్ కొని పైకప్పుకు పెడదామనిపిస్తే వెనక మూలకు దగ్గరగా పెట్టండి. పైన ముందు మూలలో బయటికి తోసేలా పెడితే ముందు ఫ్యాన్ లాగిన చల్లగాలినే ప్రాసెసర్‌కు చేరకముందే పైనుంచి తోసేస్తుంది. ముందు భాగం మొత్తం గాజు పలకతో మూసి ఉన్న క్యాబినెట్‌కు ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ప్రయోజనం తక్కువే, లాగడానికి గాలి ఉండాలి కదా.

ఫ్యాన్లలో లైట్లుంటే ఇంకో వైరు వస్తుంది, భయం దాచుకోమన్న రెండో చోటు ఇదే. రంగు లైట్లు రెండు జాతులు. పాతవి 12 వోల్టులవి, నాలుగు పిన్నులు, అన్నీ ఒకేసారి ఒకే రంగు. కొత్తవి, ఏఆర్‌జీబీ అనేవి, 5 వోల్టులవి. నాలుగు చోట్లలో ఒకటి ఖాళీ వదిలి మూడు పిన్నులు, ఒక్కో లైటుకు ఒక్కో రంగు. 5 వోల్టుల లైట్లకు 12 వోల్టులు ఇస్తే అక్కడికక్కడే చస్తాయి. ఖాళీ చోటు అడ్డుపడాలి గానీ ఈ ప్లగ్గుల చుట్టూ గోడ లేదు, క్లిప్పు లేదు, కాస్త పక్కకు జరిపో వంకరగానో పెడితే పిన్నులు తాకుతాయి. బోర్డు మీద ఆ హెడర్ పక్కన 5 వోల్టులో 12 వోల్టులో రాసి ఉంటుంది, టార్చ్ వేసి చదివాకే పెట్టండి. ప్లగ్గు మీది త్రికోణం గుర్తు హెడర్‌లో వోల్టేజీ రాసి ఉన్న పిన్ను వైపు రావాలి. గది చీకట్లో, అర్ధరాత్రి, నిద్రమత్తులో ఈ ఒక్క పని వద్దు.

అన్నీ పెట్టాక వెంటనే ప్లాస్టిక్ టైలు వేసి కేబుళ్లు కట్టేయకండి. కట్టిన కేబుల్‌లో తప్పు వెతకడం కన్నా చిరాకు పని ఇంకోటి లేదు. పక్క తలుపు తీసి ఉంచి, మానిటర్ కేబుల్‌ని గ్రాఫిక్స్ కార్డుకు (మదర్‌బోర్డ్‌కు కాదు) పెట్టి, ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ వేసి, బటన్ నొక్కండి.

ఏమీ జరగకపోతే మొదట ఆ వెనక స్విచ్ చూడండి. అది వేసే ఉంటే పవర్ బటన్ వైరు తప్పు పిన్నుల మీద ఉందేమో చూడండి. తేల్చుకోవడానికి ఆ వైరు తీసేసి, పవర్ బటన్‌కు చెప్పిన రెండు పిన్నుల్నీ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం తాకించండి. కంప్యూటర్ లేస్తే వైరు తప్పు, లేవకపోతే కరెంటు కేబుళ్లు మళ్లీ నొక్కి చూడాలి. ఈ పరీక్షలో ఆ రెండు పిన్నుల్నే తాకించాలి, పక్కవాటిని కాదు. ఫ్యాన్లు తిరుగుతూ తెర నల్లగా ఉంటే ఎక్కువసార్లు దొరికే దొంగలు రెండు: ప్రాసెసర్ 8 పిన్నుల కేబుల్ మరిచిపోవడం, ర్యామ్ సరిగ్గా కూర్చోకపోవడం. బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటే ఏది ఆరకుండా నిలిచిపోయిందో తప్పు అటు ఉన్నట్టు. కానీ ర్యామ్ డీడీఆర్5 అయితే తొలిసారి బోర్డు దాన్ని పరీక్షించుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. అప్పుడు కంగారుపడి కరెంటు తీసేయకండి. ఫ్యాన్లు అర క్షణం కదిలి ఆగిపోతే ఎక్కడో షార్ట్ ఉంది. బోర్డు కింద స్క్రూ రంధ్రం లేని చోట స్టాండ్‌ఆఫ్ (బోర్డును ఎత్తి పట్టే చిన్న లోహపు కాలు) ఒకటి మిగిలిపోయిందేమో చూడండి. ఏది చూడాలన్నా ముందు ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు దిగనివ్వండి.

కంప్యూటర్ లేచాక గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు తిరగకపోయినా, ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ కదలకపోయినా పాడైనవని అనుకోకండి. చాలావాటిని వేడి లేనప్పుడు ఆగి ఉండేలానే చేశారు. ఏదైనా గేమ్ పెట్టి పది నిమిషాలు ఆగితే తిరుగుతాయి. బయోస్‌లో ఫ్యాన్ల పేజీ తెరిస్తే మీరు పెట్టిన ప్రతి హెడర్ పక్కనా ఒక వేగం కనిపించాలి. ఎక్కడైనా సున్నా ఉంటే ఆ ప్లగ్గు సరిగ్గా దిగలేదు, లేదా ఆ హెడర్‌లో స్ప్లిటర్ తల తప్పు కొసకు తగిలింది. అదే పేజీలో మూడు పిన్నుల ఫ్యాన్లకు డీసీ పెట్టుకోండి.

తలుపు మూసేముందు ఒక గంట అలాగే వదిలేసి చెవి పెట్టి వినండి. గడియారంలా టిక్కు టిక్కుమని వినిపిస్తే ఫ్యాన్ పాడైందనుకుని మార్చేస్తారు చాలామంది. పది సార్లలో తొమ్మిది సార్లు అది రెక్కకు తగులుతున్న ఏదో ఒక సన్న వైరు. ఎక్కువగా ఆ ఫ్యాన్ సొంత వైరే. దాన్ని పక్కకు లాగి ఒక టై వేయండి, శబ్దం పోతుంది. మిగిలిన టైలు కూడా అప్పుడే వేసుకోండి.